కే-డ్రామా మీద వాదనకి దిగేముందు ఇవి చూస్కోండి

రిప్లై 1988 అనే కొరియన్ సిరీస్‌లో హీరోయిన్ డాక్ సన్‌కి జోడీగా జంగ్ హ్వాన్ కరెక్టా, టేక్ కరెక్టా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం కదా, సిరీస్ 2016 జనవరిలోనే అయిపోయినా సరే. వాదించండి, తప్పేం లేదు, కానీ ముందు 20 ఎపిసోడ్లూ పూర్తిగా చూడండి, రీల్స్‌లో ముక్కలు చూసొచ్చి మాట్లాడితే మొత్తం చూసినవాళ్లకి ఒళ్లు మండుతుంది.

తర్వాత, "నచ్చలేదు" అని ఆపేయకుండా సీన్ చెప్పండి. 18వ ఎపిసోడే తీస్కోండి, జంగ్ హ్వాన్ ట్రాఫిక్ సిగ్నల్స్ దగ్గర ఆగిపోయి డాక్ సన్ ఉన్న కాన్సర్ట్‌కి లేటుగా వస్తాడు, టేక్ ఏమో బాదుక్ (గో అనే బోర్డ్ గేమ్) మ్యాచ్ వదిలేసుకుని ముందే వచ్చేస్తాడు, అప్పుడు జంగ్ హ్వానే ఒప్పుకుంటాడు, తప్పు సిగ్నల్‌ది కాదు, తన తటపటాయింపుదేనని. నేను జంగ్ హ్వాన్ వైపే, డాక్ సన్ అతనికి ఇచ్చిన ఆ పింక్ షర్ట్ గుర్తొస్తే ఇప్పటికీ గుండె పిండేసినట్టుంటుంది, అయినా ఈ సీన్ చూపిస్తే నా దగ్గర జవాబు లేదు.

సబ్‌టైటిల్స్ ఒక్కటే నమ్ముకోకండి. మన అన్నయ్య, అక్క లాగే కొరియన్లకీ ఒప్పా, నూనా అనే పిలుపులున్నాయి, ఇంగ్లీష్ సబ్స్‌లో అవి చాలాసార్లు ఉత్త పేర్లైపోతాయి, కాబట్టి చెవిపెట్టి వినండి.

ఇంకోటి, కోపం క్యారెక్టర్ మీద ఉంటే యాక్టర్‌ని తిట్టకండి ప్లీజ్.