కంపెనీ లెక్క నమ్మేముందు అసలు కాగితాలు వెతకడం ఎలా

సరుకు అరువివ్వాలన్నా, వాటా కొనాలన్నా, ఉద్యోగంలో చేరాలన్నా అందరూ ముందు కంపెనీ పేరు గూగుల్‌లో కొడతారు. పైన వచ్చే నాలుగైదు పేజీల్లో కనిపించే టర్నోవరు, లాభం అంకెలు తరచూ ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎత్తి రాసుకున్నవే. ఏ అంకె కనబడినా ముందు అడగాల్సింది ఒక్కటే: దీని కింద సంతకం పెట్టింది ఎవరు, తప్పయితే చట్టం ముందు జవాబు చెప్పేది ఎవరు? ఆ సంతకం ఉన్న కాగితాలు చాలావరకు ఇంటి నుంచే చూడొచ్చు. కొన్ని ఉచితం, కొన్నింటికి వంద రూపాయలు.

మొదట కంపెనీ సిన్ (కార్పొరేట్ గుర్తింపు) నంబరు పట్టుకోండి. లెటర్‌హెడ్ మీద, వెబ్‌సైటు అడుగున ఉంటుంది. ఒకే పేరుతో నాలుగు కంపెనీలు ఉండటం మామూలే. పేరును బట్టి వెతికితే తప్పు కంపెనీ లెక్కలు చదివేస్తారు. సిన్‌లో 21 అక్షరాలుంటాయి. డాక్టర్ రెడ్డీస్‌ది చూడండి: ఎల్85195టీజీ1984పీఎల్‌సీ004507. మొదటి ‘ఎల్’ అంటే స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయింది, ‘యు’ ఉంటే కాలేదు. తర్వాతి ఐదంకెలు పరిశ్రమ కోడు, ఆపైన రాష్ట్రం, పుట్టిన ఏడాది, కంపెనీ రకం, చివర ఆరంకెల రిజిస్ట్రేషన్ నంబరు. ఇదే కంపెనీ పాత కాగితాల్లో ‘టీజీ’ స్థానంలో ‘ఏపీ’ ఉంటుంది. హైదరాబాద్ కంపెనీల పాత పత్రాలు వెతికేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సిన్ దొరికాక కార్పొరేట్ వ్యవహారాల శాఖ, అంటే ఎంసీఏ పోర్టల్‌కు వెళ్లండి. కంపెనీ మాస్టర్ డేటా ఉచితం. లాగిన్ అడిగితే ఖాతా తెరవడానికీ డబ్బు కట్టక్కర్లేదు. అందులో మూడు గడులు ముఖ్యం: స్టేటస్, చివరి వార్షిక సమావేశం తేదీ, చివరి బ్యాలెన్స్ షీటు తేదీ. మార్చి 31తో ఏడాది ముగిసే కంపెనీ మామూలుగా సెప్టెంబరు 30లోపు సమావేశం పెట్టాలి. ఆ తర్వాత 30 రోజుల్లో లెక్కల ఫారం ఏవోసీ-4, 60 రోజుల్లో వార్షిక రిటర్ను ఎంజీటీ-7 దాఖలు చేయాలి. డిసెంబరు దాటాక కూడా నిరుటి బ్యాలెన్స్ షీటు కనబడలేదంటే కారణం అడగాలి. రెండేళ్లవి లేకపోతే అరువు మాట పక్కన పెట్టండి.

అదే పేజీలో ఛార్జీల జాబితా, అంటే కంపెనీ ఆస్తుల మీద ఉన్న తాకట్టుల జాబితా ఉంటుంది. చాలామంది దాన్ని తెరవనే తెరవరు, మా దృష్టిలో మాత్రం ఉచితంగా దొరికేవాటిలో ఇంత విలువైనది ఇంకొకటి లేదు. ఏ బ్యాంకుకు ఎంత మొత్తానికి ఆస్తులు తాకట్టు పెట్టారో, ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీర్చారో అందులో ఉంటుంది. కంపెనీ మునిగితే తాకట్టు ఉన్న బ్యాంకులు ముందు వరసలో ఉంటాయి, తాకట్టు లేకుండా సరుకిచ్చినవాళ్లు ఎక్కడో వెనక. ఏడాదిలోపే వరసగా కొత్త ఛార్జీలు పడుతున్నాయా, పెద్ద బ్యాంకులు పోయి వాటి స్థానంలో ఎక్కువ వడ్డీకిచ్చే ఫైనాన్స్ సంస్థలు వస్తున్నాయా చూడండి. ఒక జాగ్రత్త: అప్పు తీరినా, తీరిందని తెలిపే ఫారం వేయకపోతే ఛార్జి తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది. పాతది కనబడితే బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ పత్రం అడిగాకే ఒక అభిప్రాయానికి రండి.

పూర్తి లెక్కలకు ‘వ్యూ పబ్లిక్ డాక్యుమెంట్స్’లో కంపెనీకి 100 రూపాయలు కట్టాలి. చూసే గడువు ఉంటుంది కాబట్టి డబ్బు కట్టిన వెంటనే గత మూడేళ్ల ఏవోసీ-4లు, వాటి అటాచ్‌మెంట్లు దించుకోండి. అసలు సంగతంతా అటాచ్‌మెంట్లలోనే, ముఖ్యంగా ఆడిటర్ రిపోర్టులో, నోట్సులో ఉంటుంది.

సరుకు ఇచ్చేవాళ్లు నేరుగా ‘ట్రేడ్ పేయబుల్స్’ నోటుకు వెళ్లొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, సరఫరాదారులకు ఇవ్వాల్సిన బాకీ ఏడాదిలోపుది ఎంత, ఒకటి నుంచి రెండేళ్లది ఎంత, మూడేళ్లు దాటింది ఎంత అని పట్టికగా చూపాలి. చిన్న పరిశ్రమల బాకీ, అందులో తగాదాలో ఉన్న బాకీ కూడా విడిగా చూపాలి. దీంతో ఒక లెక్క వేయండి. బాకీ 12 కోట్లు, ఏడాది కొనుగోళ్లు 48 కోట్లు అనుకుందాం. 12ను 48తో భాగించి 365తో గుణిస్తే సుమారు 91 రోజులు. ఆ కంపెనీ కొనుగోళ్ల మేనేజరు ‘45 రోజుల్లో చెల్లిస్తాం’ అంటుంటే, మిగతావాళ్లకు సగటున ఎన్నాళ్లకు ఇస్తున్నారో మీ చేతిలోని కాగితమే చెబుతోంది.

ఆడిటర్ రిపోర్టుకు కారో అనే అనుబంధం ఉంటుంది. బాగా చిన్న ప్రైవేటు కంపెనీలకు దీన్నుంచి మినహాయింపు ఉంది. రోజువారీ వ్యాపారానికి బ్యాంకులిచ్చిన రుణ పరిమితి (వర్కింగ్ క్యాపిటల్) 5 కోట్లు దాటితే, బ్యాంకుకు మూణ్నెల్లకోసారి ఇచ్చిన స్టాకు లెక్కలు పుస్తకాలతో సరిపోతున్నాయో లేదో ఆడిటరు అందులో రాయాలి. తేడా ఉంటే పట్టిక ఇస్తారు. బ్యాంకుకు ఒక లెక్క, పుస్తకాల్లో ఒక లెక్క కనబడితే మూడో లెక్క మీకు చెబుతున్నారేమో ఆలోచించండి. పీఎఫ్, జీఎస్టీ బకాయిలు, అప్పుల ఎగవేత కూడా ఇక్కడే ఉంటాయి.

ఏవోసీ-4తో చిక్కేమిటంటే అది ఎప్పుడూ పాతదే. ఈ ఏడాది పరిస్థితి తెలియాలంటే జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ తెరవండి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు, మొదటి రెండంకెలు రాష్ట్రానివి (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37), తర్వాతి పది పాన్. పాన్‌తో వెతికితే అన్ని రాష్ట్రాల్లోని రిజిస్ట్రేషన్లూ వస్తాయి. రిటర్నుల పట్టికలో పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ ఏ తేదీన వేశారో చూడండి. ప్రతి నెలా వేసే కంపెనీ హఠాత్తుగా రెండు మూడు నెలలు ఆపేసిందంటే చాలాసార్లు చేతిలో డబ్బు ఆడటం లేదనే అర్థం.

లిస్టు కాని మధ్యతరహా కంపెనీల గురించి తాజా సమాచారం దొరికే మరో చోటు క్రెడిట్ రేటింగ్ ఏజెన్సీల వెబ్‌సైట్లు. క్రిసిల్, ఇక్రా, కేర్, ఇండియా రేటింగ్స్, అక్యూట్, ఇన్ఫోమెరిక్స్ తమ రేటింగుకు కారణాలు వివరించే ‘రేషనేల్’ ఉచితంగా పెడతాయి. పెద్ద బ్యాంకు రుణం ఉన్న కంపెనీకి సాధారణంగా ఒకటి ఉంటుంది. రేటింగు అక్షరం దగ్గర ఆగకుండా బలహీనతల భాగం, లిక్విడిటీ పేరా చదవండి. బ్యాంకు పరిమితిలో ఎంత శాతం వాడేశారు, ఏ ఒక్క కొనుగోలుదారు మీద ఎంత ఆధారపడ్డారు అన్నది తరచూ అక్కడ రాస్తారు. అయితే ఏజెన్సీకి ఫీజు కట్టేది ఆ కంపెనీయే. అందుకే అన్ని ఏజెన్సీల్లోనూ పేరు వెతకండి. ఒక చోట ‘ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్’ (కంపెనీ సమాచారం ఇవ్వడం లేదు) ముద్ర, మరో చోట కొత్తగా మెరుగైన రేటింగు ఉంటే, మొదటి ఏజెన్సీకి సమాచారం ఎందుకు ఇవ్వలేదో అడగాల్సిందే.

లిస్టయిన కంపెనీల పని సులువు. త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లో, ఆడిట్ చేసిన వార్షిక ఫలితాలు 60 రోజుల్లో, వాటాదారుల వివరాలు త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలోకి వస్తాయి. వాటాల పట్టికలో ప్రమోటర్లు తనఖా పెట్టిన షేర్ల గడిని వరసగా నాలుగు త్రైమాసికాలు పోల్చండి. స్క్రీనర్, మనీకంట్రోల్ వంటివి వెతుక్కోవడానికి బాగుంటాయి, కానీ నిర్ణయం తీసుకునే అంకెను మాత్రం అసలు పీడీఎఫ్‌లో చూసి సరిపోల్చుకోవాలి. పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. ఒకటి, స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీ) లెక్కను అనుబంధ సంస్థలతో కలిపిన కన్సాలిడేటెడ్‌తో పోల్చడం. రెండోది యూనిట్లు: ఒకరు లక్షల్లో రాస్తారు, ఒకరు మిలియన్లలో. 10 మిలియన్లు ఒక కోటి. ఒక్క సున్నా జారితే మొత్తం అంచనా తలకిందులే.

సంతకం ఉన్న కాగితం కూడా అబద్ధం చెప్పగలదు. 2008 సెప్టెంబరు 30 నాటికి సత్యం కంప్యూటర్స్ 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు చూపింది. అందులో 5,040 కోట్లు లేనివేనని 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. రావాల్సిన వడ్డీగా చూపిన 376 కోట్లు కూడా లేనిదే. కాబట్టి లాభం పక్కనే క్యాష్ ఫ్లో పట్టిక పెట్టుకోండి. ఐదేళ్ల లాభం మొత్తం, ఐదేళ్లలో వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు మొత్తం కూడి చూడండి. రెండోది బాగా తక్కువైతే సొమ్ము ఎక్కడ ఇరుక్కుందో, అంటే స్టాకులోనా, రావాల్సిన బాకీల్లోనా, బంధుత్వ కంపెనీలకిచ్చిన అప్పుల్లోనా అన్నది నోట్సులో వెతకాలి. నిల్వలు భారీగా ఉండి చేతికొచ్చిన వడ్డీ అందుకు తగ్గట్టు లేకపోతే అక్కడే ఆగి లెక్క తేల్చుకోండి.

పరిశ్రమ గురించి తెలియాలంటే ‘మార్కెట్ ఇంత శాతం పెరుగుతుంది’ అనే అమ్మకపు రిపోర్టుల కన్నా ఐపీఓకు వచ్చిన పోటీ కంపెనీ ముసాయిదా ప్రాస్పెక్టస్ మేలు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సైటులో ఉచితం. రిస్కులు, కోర్టు కేసుల అధ్యాయాలు ముందు చదవండి. పరిశ్రమ అధ్యాయం మాత్రం చాలాసార్లు కంపెనీయే డబ్బిచ్చి రాయించుకున్నది, ఆ మాట ప్రాస్పెక్టస్‌లోనే చెబుతారు. ఎగుమతుల సంగతైతే వాణిజ్య శాఖ ట్రేడ్‌స్టాట్‌లో హెచ్‌ఎస్ కోడుతో (సరుకుల అంతర్జాతీయ వర్గీకరణ సంఖ్యతో) వెతకండి: దంచని ఎండుమిర్చికి 090421, కారానికి 090422, చాలా రకాల ఫ్రోజెన్ రొయ్యలకు 030617. గుంటూరు మిర్చి వ్యాపారి రెండు మిర్చి కోడులనూ కూడకుండా, అతనైనా భీమవరం రొయ్యల రైతైనా విలువతో పాటు టన్నులు చూడకుండా ధోరణి తేల్చకూడదు. విలువ పెరిగి పరిమాణం తగ్గితే పెరిగింది ధరే.

అమెరికాలో లిస్టయిన కంపెనీల పత్రాలన్నీ అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ సైటు ఎడ్గార్‌లో ఉచితం. డాక్టర్ రెడ్డీస్ అక్కడ దాఖలు చేసే వార్షిక నివేదిక 20-ఎఫ్‌లో రిస్కుల వివరణ విస్తారంగా ఉంటుంది.

ఇక ఎవరైనా డిపాజిట్ అడిగితే రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఆ సంస్థకు ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో చూడండి. ఎన్‌బీఎఫ్‌సీగా (బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థగా) రిజిస్టరైనంత మాత్రాన ఆ అనుమతి ఉన్నట్టు కాదు. చీటీల సంస్థలు వేరే చట్టం కింద రాష్ట్ర చిట్స్ రిజిస్ట్రారు పరిధిలో ఉంటాయి, అక్కడే విచారించాలి. షేర్ల సలహా ఇచ్చేవారి సెబీ రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌ఏతోనో ఐఎన్‌హెచ్‌తోనో మొదలవ్వాలి. ఇతరుల నంబరు ఎత్తి వాడేవాళ్లున్నారు కాబట్టి, సెబీ జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఉన్న పేరు, ఫోను, ఈమెయిల్ మీకు వచ్చిన వాటితో అక్షరం అక్షరం కలవాలి.

దించుకున్న ప్రతి ఫైలుకూ కంపెనీ పేరు, ఆర్థిక సంవత్సరం, దించిన తేదీ కలిపి పేరు పెట్టండి. మీ లెక్కల షీటులో ప్రతి అంకె పక్కన ఫైలు పేరు, పేజీ నంబరు రాయండి. పేజీ నంబరు రాయలేకపోయిన అంకెను షీటులోంచి తీసేయండి.