ఒకే లాగిన్, రెండు రోల్స్: పోర్టల్ మెనూలను కలిపే పద్ధతి

స్కూల్ పోర్టల్‌లో ఒక టీచర్ ఉన్నారనుకోండి. ఆవిడ కొడుకు కూడా అదే స్కూల్లో చదువుతున్నాడు. అంటే ఆవిడకు టీచర్, పేరెంట్ అని రెండు రోల్స్. లాగిన్ కాగానే మెనూలో 'హాజరు' రెండుసార్లు, 'మార్కులు' రెండుసార్లు కనిపిస్తాయి. ఏది నొక్కితే ఏం తెరుచుకుంటుందో తెలియదు. కొన్ని పోర్టళ్లలో ఇంకా కష్టం: కొడుకు మార్కులు చూడాలంటే లాగౌట్ అయ్యి వేరే ఐడీతో రావాలి. ఉద్యోగి, మేనేజర్, ఆడిటర్ రోల్స్ ఉండే ఆఫీసు పోర్టల్‌లోనూ ఇదే తంటా. నా పని ఎక్కువగా ఇలాంటి పోర్టళ్ల మీదే. మెనూ అంటే చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, వాడేవాళ్లకు పోర్టల్ అంటే ముందు కనిపించేది అదే. కాబట్టి శ్రద్ధగా చేయాలి.

మొదట కోడ్ జోలికి వెళ్లకండి. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఒక్కో మెనూ ఐటమ్‌కి ఒక్కో వరస రాయండి. మెనూలో కనిపించే పేరు, లింక్, ఏ రోల్‌కి కనిపిస్తుంది, ఆ పేజీలో ఎవరి డేటా వస్తుంది, ఇవీ కాలమ్స్. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. దాన్ని కోడ్ చదివి నింపొద్దు. ఒక్కో రోల్‌తో లాగిన్ అయ్యి, పేజీ తెరిచి చూసి నింపండి.

ఇప్పుడు షీట్‌ని ముందు పేరు ప్రకారం, తర్వాత లింక్ ప్రకారం సార్ట్ చేస్తే డూప్లికేట్లు బయటపడతాయి. పేరు, లింక్, డేటా మూడూ ఒకటే అయితే, సెలవుల క్యాలెండర్ లాంటివి, ఒకటి ఉంచి రెండోది తీసేయండి. లింక్ ఒకటే అయ్యుండి టీచర్లకు 'సర్క్యులర్లు' అనీ పేరెంట్స్‌కి 'నోటీసులు' అనీ ఉంటే, ఎక్కువమందికి అలవాటైన పేరు ఖాయం చేయండి. ఈ రెండూ తేలిగ్గా తెగిపోతాయి.

అసలు పని పేరు ఒకటై, అర్థం వేరైన చోట ఉంది. టీచర్‌కి 'మార్కులు' అంటే క్లాసు మొత్తానికి మార్కులు ఎక్కించడం. పేరెంట్‌కి 'మార్కులు' అంటే తన బిడ్డకు ఎన్ని వచ్చాయో చూసుకోవడం. వీటిని కలపకూడదు, పేర్లు మార్చాలి: 'మార్కుల నమోదు', 'మా పిల్లల మార్కులు'. ఈ కొత్త పేర్లు రెండు రోల్స్ ఉన్నవాళ్లకే కాకుండా అందరికీ ఒకేలా ఉండాలి. లేకపోతే రెండో రోల్ వచ్చిన రోజున అలవాటైన పేరు మారిపోయి, మెనూలోంచి ఏదో మాయమైందని కంగారుపడతారు.

దీనికంటే మొండిది ఇంకోటి ఉంది. లింక్ ఒకటే, కానీ ఆ పేజీయే లోపల రోల్ చూసి డేటా మారుస్తుంటుంది. కోడ్‌లో 'టీచర్ అయితే ఇది చూపించు, లేకపోతే అది' అని ఉంటుంది. రెండు రోల్స్ ఉన్న మనిషికి మొదటి షరతే వర్తిస్తుంది. పేరెంట్ పేజీ ఆవిడకు ఎప్పటికీ తెరుచుకోదు. మెనూని ఎంత చక్కగా కలిపినా ఇది బాగుపడదు. పేజీని రెండు లింకులుగా విడదీయాల్సిందే. నా లెక్కలో టైమ్ ఎక్కువ పట్టేది ఇక్కడే, డెడ్‌లైన్ టెన్షన్‌లో చాలామంది వదిలేసేదీ ఇక్కడే. దయచేసి వదలొద్దు.

షీట్ తయారయ్యాక డిజైన్ సంగతి. 'టీచర్ మెనూ', 'పేరెంట్ మెనూ' అని విడివిడిగా దాచుకుని, లాగిన్ అప్పుడు రెంటినీ అతికించే పద్ధతి నాకు నచ్చదు. పోర్టల్ అంతటికీ ఒకే మెనూ చెట్టు (పైన గ్రూపులు, వాటి కింద ఐటమ్స్) ఉండాలి. ప్రతి ఐటమ్‌కి మారని ఐడీ, పేరు, లింక్, వరస నంబరు, దాని పైనున్న గ్రూపు ఐడీ, చూడ్డానికి కావాల్సిన పర్మిషన్ ఉండాలి. రోల్ పేరు మాత్రం ఐటమ్ మీద ఎక్కడా రాయకూడదు. రోల్ అంటే కొన్ని పర్మిషన్ల మూట, అంతే. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో అడ్మిన్ మెనూకి పేజీ చేర్చే ఫంక్షన్ అడిగేది కేపబిలిటీనే (పర్మిషన్‌కి అక్కడి పేరు). వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో యూజర్‌కి తన సొంత పర్మిషన్లు, తానున్న గ్రూపులన్నిటి పర్మిషన్లు కలిపి లెక్కకొస్తాయి. మీరు వాడే ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఇలాంటిది ఉందేమో ముందు చూడండి.

ఇక కలపడం చాలా సులువు. యూజర్ రోల్స్ అన్నిటి పర్మిషన్లనూ ఒక సెట్‌లో వేయండి. చెట్టులో ఆ సెట్‌కి సరిపోయే ఐటమ్స్ మాత్రం ఉంచండి. కింది నుంచి పైకి వస్తూ ఖాళీ అయిన గ్రూపులను తీసేయండి. తర్వాత వరస నంబరుతో సార్ట్ చేయండి. నంబర్లు 10, 20, 30 అని ఎడంగా ఇస్తే మధ్యలో కొత్తవి చేర్చొచ్చు. రెండిటికి ఒకే నంబరు పడితే ఐడీని బట్టి తేల్చండి, లేకపోతే పేజీ తెరిచిన ప్రతిసారీ వరస మారే ప్రమాదం ఉంది. గ్రూపుకి సొంత పేజీ ఉండి, దానికి యూజర్‌కి పర్మిషన్ లేకపోతే గ్రూపుని తీసేయకుండా లింక్ లేని శీర్షికగా చూపించండి. గ్రూపులో ఒక్క ఐటమే మిగిలితే దాన్ని పైకి లాగాలా? నేనైతే లాగను. ఐటమ్ ఎప్పుడూ ఒకే చోట ఉంటేనే చెయ్యి అలవాటుగా అక్కడికి వెళ్తుంది.

'ఈ రోల్ ఉంటే దాచు' అనే నియమాలు పాత పోర్టళ్లలో కనిపిస్తాయి. వాటిని తీసేయండి. పేరెంట్స్‌కి 'స్టాఫ్ రూమ్' దాచమని ఒక నియమం ఉంటే, బిడ్డ ఆ స్కూల్లో చేరిన రోజే పాపం ఆ టీచర్‌కి స్టాఫ్ రూమ్ మాయమవుతుంది.

బిల్లు పెట్టినవారే దాన్ని ఆమోదించకూడదు లాంటి నిజమైన అడ్డుకట్టలు ఉంటాయి. అవి మెనూ పని కాదు. ఆ బిల్లు ఎవరు పెట్టారో చూసి సర్వర్ ఆపాలి. కొన్ని సంస్థల్లో రెండు రోల్స్ ఒకేసారి చెలామణిలో ఉండకూడదనే నియమమే ఉంటుంది. రోల్ ఆధారిత యాక్సెస్‌పై 2004లో వచ్చిన అమెరికన్ ప్రమాణంలో, సెషన్‌లో (ఒకసారి లాగిన్ అయి ఉన్నంతసేపు) కొన్ని రోల్స్‌నే చురుగ్గా ఉంచుకునే వీలు ఇందుకే ఉంది. అలాంటి చోట మెనూలు కలపకండి, రోల్ మార్చుకునే బటన్ పెట్టండి. మిగతా చోట్ల ఆ బటన్ అనవసరం.

మెనూలో దాచితే పేజీకి తాళం వేసినట్టు కాదు. లింక్ తెలిసినవారు నేరుగా టైప్ చేస్తారు. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ టాప్ 10 లోపాల జాబితాలో యాక్సెస్ కంట్రోల్ లోపాలు 2017లో 5వ స్థానంలో ఉండి, 2021కల్లా మొదటి స్థానానికి వచ్చాయి. మెనూ ఏ పర్మిషన్‌ని చూస్తుందో దాన్నే సర్వర్ కూడా ప్రతి రిక్వెస్ట్‌లో చూడాలి, లేనివారికి 403 (అనుమతి లేదు) ఇవ్వాలి.

స్పీడ్ కోసం తయారైన మెనూని క్యాష్‌లో (మళ్లీ వాడుకోడానికి దాచే చోట) పెడితే, దాన్ని వెతికే కీ కింద యూజర్ పర్మిషన్ల సెట్ వాడండి. 'మొదటి రోల్' పేరు వాడితే ఒకరి మెనూ మరొకరికి వెళ్తుంది. లాగిన్ టోకెన్‌లో (లాగిన్ అయినట్టు సర్వర్ ఇచ్చే గుర్తు) రోల్స్ రాసిపెట్టే పోర్టల్ అయితే, రోల్ మారినా టోకెన్ గడువు తీరేదాకా పాత మెనూయే కనిపిస్తుంది. ఆ గడువు తక్కువగా ఉంచండి.

టెస్టింగ్‌లో అన్ని కలయికలూ చూడటం కష్టం. 6 రోల్స్ ఉంటేనే 63 కలయికలు. కానీ జంటలు 15 మాత్రమే. ఒక్కో రోల్ విడిగా, తర్వాత ప్రతి జంట చూడండి. ఒక్క నియమం మాత్రం ఆటోమేటిక్ టెస్ట్‌గా తప్పకుండా రాయండి: రోల్ చేరిస్తే ఉన్న ఐటమ్ ఏదీ పోకూడదు. ఎక్కడో మిగిలిపోయిన 'దాచు' నియమం ఉంటే ఈ టెస్ట్‌లో దొరికిపోతుంది.

చివరిగా, విడదీసిన పేజీల పాత లింకులు. జనం వాటిని బుక్‌మార్క్ చేసుకుని ఉంటారు. పాత 'మార్కులు' లింక్‌కి వచ్చినవారికి ఒకే పర్మిషన్ ఉంటే సరైన పేజీకి 302తో (తాత్కాలిక మళ్లింపు) పంపండి. 301 (శాశ్వత మళ్లింపు) వద్దు, దాన్ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది. అదే కంప్యూటర్‌లో ఇంకో యూజర్ లాగిన్ అయితే తప్పు పేజీకి వెళ్తారు. రెండు పర్మిషన్లూ ఉన్నవారికి 'మార్కుల నమోదు', 'మా పిల్లల మార్కులు' అని రెండు లింకులున్న చిన్న పేజీ చూపించండి.