వృద్ధాశ్రమంలో మందులు వికటిస్తుంటే ముందుగా చూడవలసినది స్ట్రిప్పు వెనక భాగం

వృద్ధాశ్రమాలలో మందుల వల్ల వచ్చే ఇబ్బందులు ఎక్కువగా ఒకే తీరున బయటపడతాయి. నిన్నటిదాకా తన పనులు తానే చేసుకున్న పెద్దాయన పగలంతా మగతగా పడి ఉంటారు. మంచం మీద నుంచి లేచి నిలబడగానే తూలి గోడ పట్టుకుంటారు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమట పట్టి, మాట తడబడి, ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేకపోతారు. పాదాలు వాచి చెప్పులు పట్టవు. వీటిలో ఏది కనిపించినా చుట్టూ ఉన్నవారి నోట వచ్చే మొదటి మాట "వయసైపోయింది కదా" అనేది. నాలుగు రోజులలో వచ్చిన మార్పుకు వయసును కారణంగా చెప్పడం తగదు. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యో కాలో పడిపోవడం, గుండెలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జ్వరం ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. అవేవీ లేకుండా మనిషి మారిపోయినప్పుడు మందుల డబ్బా ముందు పెట్టుకుని కూర్చోవాలి.

అడగకుండా వదిలేసే రెండు ప్రశ్నలు

మొదటిది, మాత్ర నిజంగా కడుపులోకి వెళ్లిందా అన్నది. చార్టులో సంతకం ఉన్నంత మాత్రాన మింగినట్టు కాదు. దిండు కింద, కిటికీ గూట్లో, బామ్మగారి కొంగు ముడిలో చూడండి. అక్కడ దొరికిన మాత్రలను బట్టే బీపీ ఎందుకు తగ్గడం లేదో చాలాసార్లు తెలిసిపోతుంది. మాత్ర చేతిలో పెట్టి పక్క మంచానికి వెళ్లిపోకుండా, నీళ్లు తాగించి, మింగేవరకు నిలబడి, ఆ తరువాతే సంతకం చేయాలి.

రెండవది, ఆ పూట అన్నం తిన్నారా అన్నది. కార్తీక సోమవారం, ఏకాదశి, శనివారం ఒంటిపూట భోజనం వంటివి పాటించే పెద్దలు ఆశ్రమంలో చేరినంత మాత్రాన వాటిని మానుకోరు. ఉపవాసం సంగతి వంటగదికి తెలుస్తుంది గాని, మందులు ఇచ్చే నర్సుకు ఎవరూ చెప్పరు. గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్ర ఖాళీ కడుపున పడితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. కాబట్టి ఉపవాసం ఉండేవారి పేర్లు ముందు రోజు సాయంత్రమే మందుల చార్టు మీదికి రావాలి. ఆ రోజు మాత్రలు ఎలా వాడాలో డాక్టరును ముందుగానే అడిగి రాసి పెట్టుకోవాలి.

చాటున దాగి ఉండే కారణం: ఒకే మందు, రెండు పేర్లు

నన్ను అన్నిటికంటె ఎక్కువగా తిప్పలు పెట్టిన కారణం ఇది. ఇక్కడ ఎవరూ తప్పు చేసినట్టు కనిపించదు. డాక్టరు సరిగానే రాస్తారు, మెడికల్ షాపువారు సరిగానే ఇస్తారు, నర్సు చార్టులో ఉన్నది ఉన్నట్టు వేస్తుంది. అయినా పెద్దావిడ కింద పడుతుంది.

ఒక ఆశ్రమంలో జరిగినది చెబుతాను. బీపీకి టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ కలిసిన మాత్ర వాడుతున్న ఒక పెద్దావిడ వేరే జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చింది. అక్కడ బీపీకి ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. వేరే కంపెనీ పేరుతో మొదలుపెట్టారు. డిశ్చార్జి సమ్మరీలో ఆ కొత్త పేరు ఉంది. పాత మాత్ర ఊసు లేదు, ఎందుకంటే ఆమె దానిని వాడుతున్నట్టు అక్కడివారికి ఎవరూ చెప్పలేదు. ఆశ్రమానికి రాగానే పాత చార్టుకు కింద కొత్త చీటీలోని మందులన్నీ చేర్చారు. పాత మాత్రలోనూ ఆమ్లోడిపిన్ 5 ఉంది, దానితో రోజుకు 5 మి.గ్రా. కాస్తా 10 అయింది. కొన్నాళ్లకు పాదాలు వాచాయి, ఆమ్లోడిపిన్ డోసు పెరిగితే కనిపించే లక్షణం అదే. వాపు చూసి, వారం వారం వచ్చే డాక్టరు నీరు దిగడానికి ఫ్రూసమైడ్ రాశారు. మందు వల్ల వచ్చిన వాపు దానితో సరిగా తగ్గదు. తగ్గింది బీపీ. రాత్రిళ్లు మూత్రానికి పదేపదే లేవవలసి వచ్చి, ఒక రాత్రి లేవగానే కళ్లు తిరిగి స్నానాల గది గుమ్మం దగ్గర పడిపోయింది. ఆ తరువాత స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివినప్పుడు గాని ఆమ్లోడిపిన్ అన్న మాట రెండుచోట్ల ఉందన్నది ఎవరి కంటా పడలేదు.

మన దేశంలో ఒకే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతాయి. పైగా రెండు మూడు మందులు కలిసిన మాత్రలు చాలా ఎక్కువ. గ్లైకోమెట్ జీపీ, అమరిల్ ఎం అన్న రెండు పేర్లకూ పోలికే లేదు, కాని రెండింటిలోనూ ఉన్నవి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఎకోస్ప్రిన్ ఏవీ మాత్రలో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ ఉంటుంది, కాబట్టి పక్కన విడిగా అటోర్వాస్టాటిన్ కూడా ఉంటే డోసు కలిసిపోతుంది. పారాసిటమాల్ మాత్ర అయిన డోలో వేసిన రోజునే జలుబు మాత్ర కూడా వేస్తే, చాలా జలుబు మాత్రలలో పారాసిటమాల్ ఉంటుంది గనుక, అది రెండుసార్లు పడినట్టే. ఇది మందుల తప్పు కాదు. పైనున్న పెద్ద అక్షరాల పేరు ఒక్కటే చదవడం వల్ల వచ్చే ఇబ్బంది.

దీనికి తోడు, షాపులో పది మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కోసి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు, మందు పేరూ గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఆశ్రమంలో ఆ నాలుగింటినీ వారం గళ్ల డబ్బాలోకి ఒలిచి వేస్తే, ఇక అది ఏ మందో చెప్పగలిగే ఆధారం ఏదీ మిగలదు. తెల్ల గుండ్రటి మాత్రలు వందల రకాలు. అందువల్ల పేరు లేని ముక్క స్ట్రిప్పులను ఆశ్రమంలోకి రానివ్వకూడదు. షాపువారిని అడిగితే పేరున్న ముక్కతో సహా ఇస్తారు, కావలసింది అడగడమే.

షుగరు మాత్రలు ఇలా రెండింతలు పడినప్పుడు ప్రమాదం ఇంకా తొందరగా వస్తుంది. చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడాలి. 70 కంటె తక్కువ ఉంటే, మింగగలిగే స్థితిలో ఉన్నవారికి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయకూడదు. చాలామంది పొరబడేది దీని తరువాతే. గ్లిమెపిరైడ్ వల్ల పడిన షుగరు పంచదారతో లేచినా, మందు ప్రభావం ఒంట్లో ఉన్నంతసేపూ, ముఖ్యంగా మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో, మళ్లీ మళ్లీ పడుతుంది. కాబట్టి కోలుకున్నారు కదా అని పడుకోబెట్టకుండా డాక్టరుకు చెప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

సరిచేసే పద్ధతి

డిశ్చార్జి సమ్మరీలో ఏమి వాడాలో ఉంటుంది, ఏమి మానాలో చాలాసార్లు ఉండదు. ఆ ఖాళీని పూరించడమే అసలు పని. పెద్దవారు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునే, తరువాతి డోసు వేళ కాకముందే, వారి అలమారలో ఉన్నవి, సంచిలో వచ్చినవి, పిల్లలు తెచ్చి ఇచ్చినవి అన్నీ ఒక బల్ల మీద పెట్టండి. చుక్కల మందులు, పైపూతలు, ఆయుర్వేద చూర్ణాలు కూడా అందులో ఉండాలి. ఒక్కొక్క స్ట్రిప్పు వెనక ఉన్న అసలు పేరు, అంటే జెనెరిక్ పేరు, డోసుతో సహా కాగితం మీద రాయండి. బ్రాండు పేరు పక్కన ఉండవచ్చు గాని జాబితా మాత్రం అసలు పేర్లతోనే నడవాలి. జన ఔషధి కేంద్రంలో కొన్నా, ఊళ్లో షాపులో కొన్నా ఆ పేరు ఒక్కటే మారదు.

తరువాత పేరు చివర చూడండి. సార్టన్ అని ముగిసే బీపీ మందులు రెండు ఉన్నా, గ్లిప్టిన్ అని ముగిసే షుగరు మందులు రెండు ఉన్నా, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్‌లు, బీపీకీ గుండెకూ వాడే ఓలాల్‌లు రెండేసి ఉన్నా అవి ఒకే కుటుంబానికి చెందిన మందులు. పేర్లు వేరైనా పని ఒకటే. సార్టన్ పక్కన ప్రిల్ అని ముగిసే బీపీ మందు ఉన్నా డాక్టరును అడగాలి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రెండు కలిస్తే మూత్రపిండాలకూ కడుపుకూ చేటు.

పాత జాబితాలోని ప్రతి మందుకూ ఎదురుగా కొనసాగించాలి, ఆపాలి, డోసు మార్చాలి అన్న మూడింటిలో ఒక మాట డాక్టరు చేత చెప్పించుకుని రాయాలి. జవాబు లేని గడి ఒక్కటి కూడా మిగలకూడదు. ఏ మందునూ మన అంతట మనం మానిపించకూడదు. ఒకే మందు రెండుసార్లు ఉందని తేలితే, తరువాతి డోసు వేసే లోపలే ఫోను చేసి అడగాలి. ఆపమన్న మందును ఆ గది నుంచి అదే రోజు తీసివేయాలి. అలమారలో ఉన్న స్ట్రిప్పు ఎప్పుడో ఒక రాత్రి డ్యూటీలో మళ్లీ చేతికి వస్తుంది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న పిల్లలు ఆన్‌లైనులో మందులు తెప్పించి పంపుతుంటే, ఈ జాబితాను ఫోటో తీసి వారికి పంపండి. పాత ఆర్డరునే నెల నెలా తిరిగి పెట్టడం వల్ల ఆపిన మందులు ఆశ్రమానికి వస్తూనే ఉంటాయి.

మిగిలినవి

ఇన్సులిన్ ఇస్తున్నా షుగరు అదుపులో లేకపోతే సీసా మీద ఒక మి.లీ.కు 40 యూనిట్లని ఉందో 100 అని ఉందో చూడండి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది.

థైరాయిడ్ మాత్ర పని చేయడం లేదంటే కాఫీతో పాటు ఇస్తున్నారేమో, కాల్షియం మాత్రతో కలిపి ఇస్తున్నారేమో చూడండి. పరగడుపున నీళ్లతో ఇచ్చి కనీసం అరగంట ఆగాలి, కాల్షియానికీ ఐరనుకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. మింగలేనివారికి మాత్ర నూరి ఇచ్చే ముందు పేరులో ఎక్స్ఎల్, ఎస్ఆర్, ఈఆర్ అన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి, అవి మందు కొద్దికొద్దిగా విడుదలయ్యే మాత్రలకు గుర్తు. ఉంటే నూరకూడదు, డాక్టరును అడిగి వేరే రూపంలో తెప్పించాలి. కీళ్లకు రాసే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. దానిని రోజువారీ డబ్బాలో వేస్తే ప్రాణాపాయం, కాబట్టి అది వేయవలసిన రోజు పేరు ఎర్ర సిరాతో చార్టు మీద రాయండి.

నకిలీ మందు, అరుదైన అలెర్జీ, ఎండకు మాత్ర పాడవడం వంటివి లేకపోలేదు. స్ట్రిప్పులన్నీ చదివి, మింగిందీ తిన్నదీ సరిచూసుకున్న తరువాత కూడా కారణం దొరకకపోతేనే వాటి జోలికి వెళ్లాలి.