కాట్స్‌వోల్డ్స్ పల్లెలకు కారు తీసేముందు

ఇంగ్లండ్‌లోనూ మనలాగే ఎడమవైపు నడపడమే కదా అని ధీమాగా బయల్దేరతాం. చిక్కంతా పల్లెదారుల్లో ఉంటుంది.

• మన లైసెన్సు అక్కడ 12 నెలలు చెల్లుతుంది. అసలు కార్డు వెంట ఉండాలి.

• చిన్న కారే తీసుకోండి. రెండువైపులా రాతిగోడలు, మధ్యలో ఒక్క బండే పట్టే దారి. ఎదురుగా ట్రాక్టరొస్తే, వెడల్పుచోటు దాకా వెనక్కి వెళ్లాల్సింది మీరే కావచ్చు. రివర్సు అంటే భయమున్నవాళ్లు ఇక్కడే బాగా సాధన చేసుకుని వెళ్లండి. తెల్లటి గుండ్రం మీద నల్ల అడ్డగీత ఉంటే ఇలాంటి దారిలో 60 మైళ్ల దాకా వెళ్లొచ్చని అర్థం. ఆ మలుపుల్లో నన్నడిగితే 30 కూడా ఎక్కువే!

• రౌండబౌట్ దగ్గర కుడినుంచి వచ్చేవాళ్లు ముందు. హారన్ సంగతి మరిచిపోండి.

• పెట్రోలు గొట్టం పిడి ఆకుపచ్చ, డీజిల్‌ది నలుపు.

• మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

• కాట్స్‌వోల్డ్స్ పల్లె బిబురీలోని ఆర్లింగ్టన్ రో 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మారిన పాత కట్టడం. ఇప్పటికీ అక్కడ కాపురాలున్నాయి, కిటికీల్లోకి తొంగిచూడకండి. గుమ్మాల ముందు కారు ఆపకండి.

• డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. రోజుకు మూడు ఊళ్లు చాలు.