ఫ్రీజర్‌లో పెట్టిన బీన్స్‌కి గడ్డివాసన: కారణం, పరిష్కారం

మిద్దె తోటలో బీన్స్ ఒక్కసారిగా కాపుకొచ్చాయి, తుంచి ఫ్రీజర్‌లో పడేశారు. నెల తిరిగేసరికి కూరలో ఎండుగడ్డి వాసన, రంగు కూడా పాలిపోయింది. అందరూ ముందు ఫ్రిజ్‌నే తిడతారు. మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఒక్కటి చూసుకోండి: ముక్కల్ని మరిగే నీళ్లలో మూడు నిమిషాలు వేసి తీశారా, పచ్చివే పెట్టేశారా? పచ్చివే పెట్టి ఉంటే వేరే కారణం వెతకక్కర్లేదు. కాయలో ఉండి రంగు, వాసన మార్చేసే పదార్థాలు ఎంజైములు. చలికి అవి మందగిస్తాయి గానీ చావవు. వాటిని చంపేది వేడే.

మూడు నిమిషాలు ఉడికించినా వాసన వస్తోంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గడియారం సరిగ్గానే చూస్తారు, నీళ్లను చూడరు. చిన్న గిన్నెలో కిలో ముక్కలు ఒకేసారి గుమ్మరిస్తే తెర్లుతున్న నీళ్లు టక్కున చల్లబడతాయి. మళ్లీ మరిగేలోపే మీ మూడు నిమిషాలు అయిపోతాయి. పైన చూస్తే ముక్క పచ్చగా నిగనిగలాడుతుంది, లోపల వేడి సరిగా తగలదు. ఇలా అరకొరగా వేడి తగిలితే ఎంజైములు ఇంకా చురుకవుతాయి. అసలు ఉడికించకుండా పెట్టినదానికన్నా ఇది అన్యాయం.

అరకిలో ముక్కలకు నాలుగు లీటర్లకు పైనే నీళ్లుండాలి. అంత పెద్ద గిన్నె లేకపోతే పావుకిలో చొప్పున వేయండి. నీళ్లు తెర్లాక ముక్కలు వేసి మూత పెట్టండి. ఒక నిమిషంలోపు మళ్లీ మరగాలి. మరగలేదంటే ముక్కలు ఎక్కువయ్యాయని లెక్క, తర్వాతి వాయికి తగ్గించండి. మూడు నిమిషాల లెక్క ముక్కలు వేసినప్పటి నుంచి కాదు, నీళ్లు తిరిగి మరిగినప్పటి నుంచి. అవే నీళ్లు తర్వాతి వాయికీ పనికొస్తాయి, మళ్లీ తెర్లనిస్తే చాలు. రంగు నిలుస్తుందని వంటసోడా వేయకండి, ముక్క మెత్తబడిపోతుంది.

తీసిన వెంటనే ఐసు నీళ్లలో వేయండి. ఎండాకాలం ట్యాంకు నీళ్లు స్నానానికే వెచ్చగా ఉంటాయి, వాటితో ఈ పని అవ్వదు. ఇందులోనూ మూడు నిమిషాలుంచి ఒక ముక్క కొరికి చూడండి. మధ్యలో ఇంకా వెచ్చగా తగిలితే ఉడుకు ఆగలేదన్నమాట, ఇంకాస్త ఉంచండి.

గడ్డకట్టి రాయిలా వస్తున్నాయి

తడి ఆరకుండా కవర్లో పోశారు. నూలుగుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దండి. తర్వాత పళ్లెంలో ఒకే వరుసగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక జిప్ కవర్లో నింపితే విడివిడిగా వస్తాయి. గాలి పూర్తిగా నొక్కేయండి. గాలి మిగిలితే ముక్కల మీద తెల్లటి ఎండుమచ్చలు పడతాయి. మచ్చలున్నా తినొచ్చు, రుచే ఉండదు.

విడివిడిగా పెట్టినవీ గడ్డకడితే కరెంటు పోయి కరిగి మళ్లీ గట్టిపడ్డాయేమో చూడండి. పక్కనే కవర్లో నాలుగు ఐసు ముక్కలుంచితే తెలిసిపోతుంది: అవి ఒకదానికొకటి అతుక్కుంటే కరిగినట్టే.

కూరలో ముద్దయిపోతున్నాయి

ముందే తీసి కరగబెడుతున్నారు. గట్టిగా ఉండగానే బాణలిలో వేయండి. సగం ఉడికే ఉన్నాయి కాబట్టి పచ్చి బీన్స్‌కి పట్టేంత సేపు అక్కర్లేదు, నీళ్లు అసలే పోయకండి.

మిగతావి

నార తగులుతోందంటే ముదురు కాయలు కోశారు. గింజ ఉబ్బిన కాయను వలిచి గింజలు కూరలో వేసుకోండి, ఫ్రీజర్‌కి వద్దు. జిగురు, పులిసిన వాసన ఉంటే పారేయండి. అమెరికాలో ఉన్నవాళ్లు సీసాల్లో నిల్వ చేయాలనుకుంటే ప్రెషర్ క్యానర్ (ఆవిరి ఒత్తిడితో మరిగే నీళ్లకన్నా ఎక్కువ వేడినిచ్చే పాత్ర) తప్పనిసరి. బీన్స్‌లో పులుపు తక్కువ. మామూలు మరిగే నీళ్ల వేడికి బొటులిజం అనే ప్రాణాంతకమైన విషాహార జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు చావవు.