అపార్ట్‌మెంట్‌లో గిటార్ యాంప్: శబ్దం పక్కింటి దాకా పోకుండా

చాలామంది గోడలకు ఫోమ్ అంటించడంతో మొదలుపెడతారు. డబ్బు దండగయ్యేది అక్కడే. ఫోమ్ గది లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది గానీ శబ్దాన్ని బయటికి పోకుండా ఆపదు. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గాలిలో ఆ తరంగం పొడవు నాలుగు మీటర్ల పైమాటే. రెండంగుళాల ఫోమ్ దానికి ఏ మాత్రం అడ్డు కాదు. శబ్దాన్ని నిజంగా ఆపేది బరువు. ఆ బరువులో సందులు ఉండకూడదు, కంపనం నేలలోకి దిగకూడదు. అయితే వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది శబ్దం పుట్టే చోటు.

యాంప్‌ దగ్గరే తగ్గించడం

"5 వాట్ల యాంప్ కదా, ఇంట్లోకి సరిపోతుంది" అనుకోకండి. గిటార్ స్పీకర్లకు ఒక్క వాట్ ఇస్తే చాలు, చాలావాటి నుంచి మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ వస్తాయి. అదే 5 వాట్లయితే 107 దాకా వెళ్తుంది. మామూలుగా మాట్లాడుకునే మాటలు 60 దగ్గర ఉంటాయి. 100 వాట్ల యాంప్ మార్చి 50 వాట్లది కొంటే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి సగమైనట్టు అనిపించాలంటే పవర్ పదో వంతుకు దిగాలి. మామూలు గోడల మధ్య మీటరు దూరంలో 75–80 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. అంటే స్పీకర్‌కు చేరాల్సింది వాట్‌లో వందో వంతు.

ట్యూబ్ యాంప్‌ను (గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్) ఆ స్థాయికి నాబ్‌తో తగ్గిస్తే టోన్ పలచబడుతుంది. అందుకు అటెన్యుయేటర్ వాడాలి. యాంప్ స్పీకర్ అవుట్‌పుట్‌కూ స్పీకర్‌కూ మధ్య పెడితే అది పవర్‌ను వేడిగా మార్చేస్తుంది. కొనేటప్పుడు రెండు అంకెలు చూడండి. దాని ఓమ్స్ (విద్యుత్ నిరోధం అంకె) యాంప్ అవుట్‌పుట్‌తో సరిపోవాలి (8కి 8, 16కి 16). దాని వాట్ రేటింగ్ యాంప్‌ది కన్నా బాగా ఎక్కువుండాలి, ఎందుకంటే 20 వాట్ల ట్యూబ్ యాంప్‌ను పూర్తిగా పెంచితే అంతకు మించే బయటికొస్తుంది. కలిపే తీగ స్పీకర్ కేబులే కావాలి. గిటార్ కేబుల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా లోపలి తీగ సన్నం, వేడెక్కి పోతుంది. స్పీకర్ గానీ, దాని బదులు పవర్‌ను తీసుకునే లోడ్ గానీ లేకుండా ట్యూబ్ యాంప్‌ను ఎప్పుడూ మోగించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

శబ్దం తగ్గించగానే చెవికి బేస్ తక్కువైనట్టు అనిపిస్తుంది. చేయి వెంటనే బేస్ నాబ్ మీదికి పోతుంది. ఆ పని చేయొద్దు, గోడలు దాటి పోయేది ఆ బేసే. ఈక్యూ పెడల్‌లో (ఒక్కో స్థాయి స్వరాన్ని విడిగా పెంచి తగ్గించేది) 100 హెర్ట్జ్ స్లైడర్‌ను 6 డెసిబెల్స్ దించి, మిడ్ (మధ్య స్వరాలు) కొంచెం పెంచండి. మీకు గిటార్ స్పష్టంగా వినిపిస్తుంది, పక్కింటివాళ్లకు సగం బాధ తప్పుతుంది. యాంప్‌ను గది మూలలోంచి కూడా బయటికి లాగండి. మూలలో గోడలు బేస్‌ను మరింత పెంచుతాయి.

కింది ఇంటికి కంపనం దిగకుండా

యాంప్ నేరుగా నేల మీదుంటే స్లాబ్ కూడా స్పీకర్‌లా మోగుతుంది. దీనికి చిన్న పీఠం చాలు. 60 × 45 సెం.మీ. కొలతతో 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకుని, జిగురు పూసి స్క్రూలతో బిగించండి. కింద నాలుగు మూలల్లో 25 మి.మీ. మందం మెత్తటి రబ్బరు ముక్కలు పెట్టండి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, యాంప్ కింద అంతా పరిచేలా పెద్ద రబ్బరు షీట్ వేయడం. బరువు అంత వైశాల్యం మీద పంచుకుంటే రబ్బరు అసలు అణగదు. అణగని రబ్బరు నేలతో సమానం. రబ్బరు స్ప్రింగ్‌లా పనిచేయాలి, దాని సొంత కంపనం 82 హెర్ట్జ్ కన్నా చాలా కింద ఉండాలి. యాంప్ పెట్టాక స్కేలుతో కొలవండి: 25 మి.మీ. ముక్క 21–22 మి.మీ.కి దిగితే సరైన సైజు. అణగకపోతే ముక్కలను కోసి చిన్నవి చేయండి. సగానికి పైగా నలిగిపోతే ముక్కలు పెంచండి. పీఠం గోడకు తగలకూడదు. వాయిస్తూ కాలితో తాళం వేసే అలవాటుంటే పాదాల కింద మందపాటి చాప వేసుకోండి. కింది ఇంట్లోకి యాంప్ కన్నా అదే గట్టిగా వినిపిస్తుంది.

తలుపు సందు

80 సెం.మీ. వెడల్పు, 2 మీటర్ల ఎత్తున్న తలుపు కింద ఒక్క సెంటీమీటరు ఖాళీ ఉంటే అది తలుపు వైశాల్యంలో 0.5 శాతం. ఆ ఒక్క సందు వల్ల తలుపు ఎంత బరువైనదైనా 23 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. చౌకట్టు చుట్టూ రబ్బరు గాస్కెట్, కింద డోర్ స్వీప్ (తలుపు అడుగు సందును మూసే పట్టీ) పెట్టండి. స్విచ్‌బోర్డు వెనక రంధ్రాలనూ వదలొద్దు.

స్పీకర్ పెట్టె

ఇవన్నీ చేశాక కూడా స్పీకర్‌ను గట్టిగా మోగించాల్సిన అవసరముంటేనే, దాన్ని లోపల పెట్టి మూసే పెట్టె కట్టండి. హెడ్‌ఫోన్స్‌తో వాయించడానికి అభ్యంతరం లేనివాళ్లకు లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు యాంప్ పవర్‌ను తీసుకునేది), క్యాబ్ సిమ్యులేషన్ (స్పీకర్ ధ్వనిని అనుకరించేది) కలిస్తే ఇంత పని అక్కర్లేదు.

లోపల స్పీకర్ క్యాబినెట్, దాని శబ్దాన్ని పట్టే మైకు మాత్రమే ఉండాలి. యాంప్ బయటే. మూసిన పెట్టెలో ట్యూబుల వేడికి యాంప్ పాడవుతుంది. 12 అంగుళాల స్పీకర్ ఒక్కటున్న క్యాబినెట్‌కు లోపలి కొలత 70 × 70 × 90 సెం.మీ. చాలు. గోడ ఒక్కోటి రెండు వరసల 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక). మొత్తం 12 ముక్కలు, 122 × 244 సెం.మీ. షీట్లు నాలుగు పడతాయి. పెట్టె ఒక్కటే వంద కిలోలు దాటుతుంది కాబట్టి ఎక్కడ ఉంచాలో అక్కడే బిగించండి. లోపలి వరస అతుకులూ, బయటి వరస అతుకులూ ఒకే చోట పడకూడదు. ప్రతి అతుకులోనూ గట్టిపడని అకౌస్టిక్ సీలెంట్ నింపండి. లోపల అన్ని వైపులా 50 మి.మీ. రాక్‌వూల్ (రాతి పీచు) పెట్టి పలచని గుడ్డ కప్పండి. చేతులకు గ్లవ్స్, ముఖానికి మాస్కు తప్పనిసరి.

పెట్టెలో పెట్టె కడితే ఇంకా బాగుంటుందని అంటారు. నిజమే, కానీ ఒక్కో వరస 18 మి.మీ. పలకల మధ్య 50 మి.మీ. ఖాళీ వదిలితే ఆ రెండు గోడలూ గాలితో కలిసి 100 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. గిటార్ బేస్ సరిగ్గా అక్కడే ఉంది. ఖాళీ 100 మి.మీ. ఇవ్వలేకపోతే ఒకే మందపాటి గోడ మేలు.

మూత అంచుకు రెండు వరసల రబ్బరు గాస్కెట్, నాలుగు వైపులా బిగించే క్లిప్పులు పెట్టండి. కేబుళ్లకు తీగ పట్టేంత రంధ్రాలే చేసి సీలెంట్‌తో మూసేయండి. షూర్ ఎస్‌ఎం57 లాంటి మైకును గ్రిల్‌కు 2–3 సెం.మీ. దూరంలో, కోన్‌కూ మధ్యలోని డస్ట్‌క్యాప్‌కూ కలిసే అంచు వైపు గురిపెట్టి బిగించండి. పెట్టె అడుగునా పైన చెప్పిన రబ్బరు సూత్రమే, బరువును బట్టి ముక్కలు పెద్దవి.

సరిచూసుకోవడం

వెలిగించిన టార్చ్ పెట్టెలో పెట్టి మూత బిగించి, గదిలో లైట్లు ఆర్పండి. వెలుగు కనిపించిన చోటల్లా శబ్దం కూడా వస్తుంది. తర్వాత లూపర్‌లో (వాయించినదాన్ని రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే పెడల్) కింది తీగల మీద ఒక రిఫ్ (చిన్న స్వరాల వరస) రికార్డు చేసి తిప్పుతూ, బయటికెళ్లి కొలవండి. శబ్దం కొలిచే ఫోన్ యాప్‌లో 'సీ' (C) వెయిటింగ్ అనే కొలత పద్ధతి ఎంచుకోవాలి. 'ఏ' (A) వెయిటింగ్ 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ తక్కువ చూపిస్తుంది, దాంతో బేస్ లీకు కనిపించదు. వీలైతే పక్కింటి పడకగదిలో రాత్రి, ఫ్యాన్ ఆపి వినండి. కొలత మీటరు మీద బాగున్నా అక్కడ రిఫ్ ఏదో గుర్తుపట్టగలిగితే, అటెన్యుయేటర్‌ను ఇంకో మెట్టు దించి ఆ స్థానంలో టేపు అంటించండి.