ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మలుపు తిరగనంటోందా?
ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసింగ్ గేమ్‌లో హోండా సివిక్ టైప్ ఆర్ తీస్తే నాకు ఒకటే తలనొప్పి. అది ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్తుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు నేరుగా వెళ్లి పొదల్లో దూరేది. ఇంజిన్ మీద క్రెడిట్లు (గేమ్‌లోని డబ్బు) తగలేశాను, అదింకా మొండికేసింది. అసలు మార్చాల్సింది వెనక వైపు.

ముందుగా రేస్ యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీలు) ముందూ వెనకా రెండూ, రేస్ డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని ఎడమ, కుడి చక్రాలకు పంచే భాగం) బిగించండి. అవి లేకపోతే ట్యూనింగ్‌లో ఆ స్లైడర్లు కదలవు. యాంటీ రోల్ బార్ స్లైడర్ 1 నుంచి 65 దాకా ఉంటుంది. ముందు బార్ 10కి దించి, వెనకది 45కి పెంచండి. ఒకే మలుపులో మూడుసార్లు తిప్పి చూడండి. ఇంకా బయటికి జారుతుంటే వెనకది 5 చొప్పున పెంచుకుంటూ పోండి. రీప్లేలో లోపలి వైపు వెనక చక్రం కాస్త గాల్లోకి లేస్తుంది, కంగారు పడకండి.

డిఫరెన్షియల్ యాక్సిలరేషన్ (యాక్సిలరేటర్ నొక్కినప్పుడు రెండు ముందు చక్రాలు ఎంత కలిసి తిరగాలో చెప్పే స్లైడర్) నాకు 30 శాతం దగ్గర కుదిరింది. మలుపు దాటేటప్పుడు లోపలి ముందు చక్రం ఊరికే గిర్రున తిరిగి పొగ వస్తుంటే కొంచెం పెంచాలి.

వానలో మాత్రం ఈ సెట్టింగ్ వద్దు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ టక్కున వదిలారంటే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. అప్పుడు వెనక బార్ 30కి దించుకోండి.